ద్రాక్షతోటల దారిలో దంపతులు

భార్యాభర్తల కలహం అభ్యుదయ విమర్శకు తగిన వస్తువేనా అన్న ప్రశ్న మనలో తరచు తలయెత్తుతూనే ఉన్నది. అది వ్యక్తిగత జీవితం గనుక మనకు పనికిరాదని కొందరంటారు. వ్యక్తిగత జీవితం గనుక దానికి సామాజికమైన కొలబద్ద వర్తించదని మరికొందరంటారు. పైకి విరుద్ధంగా కనిపించినా ఈ రెండు వాదాల మూలం ఒక్కటే. ఇంటి గడప దాటి లోపలికి సమాజం రాదని రెండు పక్షాలవారూ నమ్ముతున్నారు. ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి 1967లో వెలువడిన "టూ ఫర్ ది రోడ్" అనే ఇంగ్లీషు చలనచిత్రం మంచి ఆధారం.

ఈ చిత్రానికి దర్శకుడు స్టాన్లీ డోనెన్, రచయిత ఫ్రెడరిక్ రఫేల్. మార్క్ అనే వాస్తుశిల్పిగా ఆల్బర్ట్ ఫిన్నీ, అతని భార్య జోయానాగా ఆడ్రీ హెప్‌బర్న్ నటించారు. ఇంగ్లండు నుంచి బయలుదేరి, ఫ్రాన్సు మీదుగా మధ్యధరా సముద్రతీరానికి పోయే దంపతుల ప్రయాణమే ఇతివృత్తం. అయితే ప్రయాణం ఒక్కటి కాదు. పదేళ్ళకు పైబడిన కాలంలో వాళ్ళు చేసిన అనేక ప్రయాణాలను కాలక్రమం పాటించకుండా ఒకదానిలో ఒకటి కలిపి అల్లారు. మొదట చేతిలో డబ్బు లేక, దారిన పోయే బండ్లను చెయ్యెత్తి ఆపుతారు. తర్వాత ఎం.జి. కారు వస్తుంది. చివరికి తెల్లని మెర్సిడెస్ వస్తుంది.

ఈ అల్లికను వట్టి శిల్పచమత్కారమని కొట్టివేయడం తొందరపాటు. ఖరీదైన కారులో ముఖాలు తిప్పుకొని కూర్చున్న దంపతుల పక్కనే, ఒకప్పుడు సంచులు భుజాన వేసుకొని నడిచిన వాళ్ళ యౌవనం మనకు కనిపిస్తుంది. పేదరికంలో అనురాగం, ఐశ్వర్యంలో విరసం అనే పాత నీతికథే ఇది అనిపించవచ్చు. కాని రచయిత అంతటితో ఆగలేదు. మోరిస్ అనే ధనికుడు పోషకుడుగా దొరికిన తర్వాత మార్క్ వేళలు, ప్రయాణాలు, విశ్రాంతి కూడా అతని ఇష్టం మీద ఆధారపడతాయి. ఇప్పుడు దంపతులు సెంట్ ట్రోపే వెళ్ళేది కూడా మోరిస్ ఇల్లు పూర్తయిన వేడుకకే. ఇద్దరూ దాంపత్యంలో తప్పటడుగులు వేస్తారు. అయినా జోయానా ఒంటరితనానికి భర్త చపలత్వం ఒక్కటే కారణం కాదు. అతని కాలం అమ్ముడుపోయింది. మరొక ప్రయాణంలో తోడు వచ్చిన అమెరికన్ కుటుంబం ఖర్చులన్నీ వంతులు వేసి లెక్క రాస్తుంది. స్నేహంలోకి ఖాతాపుస్తకం ప్రవేశించడం చూసి మనం నవ్వుతాం. కాని కథకు కీలకం అక్కడే ఉన్నది.

ఇక లోపం సంగతి. ఉత్తర తీరం నుంచి దక్షిణానికి దిగే ప్రధానమైన దారి బర్గండీ, రోన్ లోయల ద్రాక్షతోటల మధ్యగా సాగుతుంది. సెంట్ ట్రోపే వెనుక కొండవాలుల మీదా ద్రాక్షతోటలే. రోన్ నదికి పడమర ఉన్న లాంగ్డాక్ ప్రాంతంలో 1907లో ద్రాక్షసారా ధర పడిపోయి బతుకు గడవక, రైతులూ కూలీలూ లక్షల సంఖ్యలో మాంపెలియే వీధులకెక్కారు. నార్బాన్‌లో సైన్యం కాల్పులు జరిపి ప్రాణాలు తీసింది. ఆ వార్త విని, ఆ ప్రాంతపు బిడ్డలే అయిన 17వ పదాతి దళ సైనికులు తిరగబడి బెజియే పట్టణానికి నడిచారు. సముద్రతీరానికీ ఇటువంటి చరిత్రే ఉన్నది. 1936 సమ్మెల తర్వాత పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం కార్మికులకు జీతంతో కూడిన 15 రోజుల సెలవును చట్టం చేసింది. 1956లో అది మూడు వారాలయింది. కార్మికుడు సెలవు మీద సముద్రం చూడగలగడం పోరాడి సాధించుకున్న హక్కు. చిత్రంలో మాత్రం తోట, పల్లె, తీరం అందమైన వెనుక తెరలు. దారిలో తగిలే హోటలు సిబ్బంది ఎక్కువగా హాస్యానికే పనికివస్తారు.

దంపతుల కథలో 1907 తిరుగుబాటు చూపలేదేమని అడగడం విమర్శ కాదు. లోపం ఆ కథ సొంత తర్కంలోనే ఉన్నది. మార్క్ వృత్తి ఇళ్ళు కట్టించడం. ఆ ఇంటికోసం అతడు ఏమి పోగొట్టుకున్నాడో చిత్రం చక్కగా లెక్కకట్టింది. అదే ఇంటికి రాళ్ళు మోసినవారిలో ఒక్కరికీ కథలో మనిషిగా చోటివ్వలేదు. అందువల్ల డబ్బు తెచ్చిన సంక్షోభం చివరికి కాలం తెచ్చిన సంక్షోభంగా, ఎవరూ మార్చలేని మానవ స్వభావంగా మిగిలిపోయింది. ఇటలీ సరిహద్దు దగ్గర దంపతులు తిట్టుకొని, నవ్వుకొని, సర్దుకుపోతారు. జబ్బును అంత స్పష్టంగా గుర్తించిన రచయిత, మందు దగ్గరకు వచ్చేసరికి సర్దుబాటుతో తృప్తిపడ్డాడు.

దాంపత్యం రాయదలచిన మన రచయితలు ఈ చిత్రం నుంచి రెండు విషయాలు గ్రహించవచ్చు. పడకగదిలో వచ్చే మౌనానికి మూలం జమాఖర్చుల్లో ఉండవచ్చునని చూపడం మొదటిది. ఇది ఈ చిత్రం సాధించింది. ఆ జమాఖర్చుల్లో తమ వంతు శ్రమ జమచేసి, పేరు రాయించుకోలేని మనుషులున్నారని గుర్తుంచుకోవడం రెండవది. దీనిని ఈ చిత్రం మరిచిపోయింది. మొదటిది తెలియనివాడు ప్రేమకథను నినాదంగా మారుస్తాడు. రెండవది మరిచినవాడు ఎంత నేర్పరి అయినా సగం సత్యమే చెప్పగలుగుతాడు.