మా నేల, మన నేల: కాపెష్ గ్రంథమున శబ్దార్థవిచారము

ఒక జాతి తన నేలను గోల్పోయిన వృత్తాంతము చేతికందఁగనే చదువరి మనస్సు కరుణరసమునకు సిద్ధపడును. ఆన్ అంతాన్ కాపెష్ 1976లో ప్రకటించిన గ్రంథమును అట్లు చదువుట సులభము. అట్లు చదివినచో గ్రంథము సగము చేయిజాఱును. ఇది విలాపము కాదు, వాదము. కెనడాదేశపు ఉత్తరభూములలో గనులు త్రవ్వినవారును, నదులకు ఆనకట్టలు కట్టినవారును ఏ మాటల నాధారముగాఁ గొని తమ పని ధర్మ్యమని చెప్పుకొనిరో, ఆ మాటలనే పట్టుకొని వాని యర్థమును నిలఁదీసిన ఖండనగ్రంథము. శబ్దశాస్త్రమునఁ బరిశ్రమ చేసినవారికి దీనియందుఁ జూడవలసినది చాలఁ గలదు.

కెనడా యీశాన్యమున క్వెబెక్, లాబ్రడార్ అను రెండు ప్రాంతములు గల మహాద్వీపకల్పమున ననాదిగా నివసించు జనులు ఇన్నూలు. ఫ్రెంచివారు వీరిని మోంతాన్యేలు, అనఁగా కొండవారు, అని వ్యవహరించిరి. కారిబూ యను మృగములను వేఁటాడుచు, నదుల వెంబడి లోపలి యడవులకుఁ బోయి, మరలఁ దీరమునకు వచ్చుచుండుట వీరి పూర్వజీవనము. కాపెష్ 1926లో నిట్టి కుటుంబమునఁ బుట్టినది. పాఠశాలలోఁ గాక యడవిలోఁ బెరిగినది. తరువాత షెఫర్‌విల్ అను గనులపట్టణమున నివసించి, 1965 మొదలు 1967 వఱకు నచటి తనవారికి నాయకురాలుగా నుండెను, 2004లో మరణించెను. గ్రంథమును ఇన్నూభాషలో వ్రాసినది. మూలమును, జోజే మయో చేసిన ఫ్రెంచి యనువాదమును నొక్క సంపుటముననే వెలువడినవి. వ్రాఁత తన వారి సంప్రదాయము కాదని తెలిసియే, తన సంతతి కొఱకు వ్రాఁతకుఁ బూనితినని పీఠికలోఁ జెప్పుకొనినది. తన గ్రంథమునఁ దెల్లవారి మాట యుండదనియు నచటనే ప్రతిజ్ఞ. ఆ ప్రతిజ్ఞ యెంతవఱకు నిలిచెనో పరీక్షింపవలయును. ఏలయన గ్రంథనామముననే తెల్లవారి మాట యొకటి కూర్చున్నది.

ఫ్రెంచిలో నామము ‘నే నొక పాడు సోవాజెస్‌ను’ అను నర్థ మిచ్చును. సోవాజ్ అనఁగా ఆటవికుఁడు. సోవాజెస్ దాని స్త్రీరూపము. ఇది వీథిలోని తిట్టు మాత్రమే కాదు. ఆదివాసుల విషయమై కెనడా ప్రభుత్వము 1876లోఁ జేసిన చట్టపు ఫ్రెంచి పాఠమున నా జనులకుఁ బెట్టిన పేరే యిది. కావున శాసనసిద్ధమైన తిట్టు. ఇఁక మూలములోని నామము ‘ఎయుకువాన్ నిన్ మచి-మానితు ఇన్నుష్‌క్వేయు’. మచి యనఁగాఁ జెడ్డది. మానితు యనఁగా భూతము లేక దైవశక్తి. రెండును గలిసి పిశాచము. కడపటి పదము ‘ఇన్నూస్త్రీ’ యని యర్థ మిచ్చును. ఇన్నూ శబ్దమునకు మనుష్యుఁ డని యర్థము. అనఁగా ఫ్రెంచిలో ఆటవికస్త్రీ యైనది మూలమున మనుష్యస్త్రీ. ఒక భాషలోఁ దిట్టు రెండు పదములందును వ్యాపించినది; రెండవ భాషలో విశేషణమును దాఁటి విశేష్యమును దాఁకలేకపోయినది. ‘పాడు’ అనుమాటను దొలఁగించినచో ఫ్రెంచి నామమున ఆటవికత్వము మిగులును, ఇన్నూ నామమున మనుష్యత్వము మిగులును. ఈ భేదము ననువాదకురాలి దోషముగా నెన్నరాదు. మూలకర్త్రి తనకుఁ దెల్లవారిడిన పేరునే వారి భాషలో వారికిఁ ద్రిప్పి యిచ్చుచున్నది.

గ్రంథాంతమున నామె యా మాటను విడువదు సరికదా, గర్వముతో నంగీకరించును. తెల్లవాఁడు తన్ను అట్లు పిలిచినపుడెల్ల, అడవిలో మొదట జీవించినది తానే యని వాఁడే యొప్పుకొనుచున్నట్లు తనకుఁ దోఁచుననును. ఇది చమత్కారమాత్రమని త్రోసివేయుట తగదు. సోవాజ్ శబ్దము అడవి యను నర్థము గల లాటిను సిల్వా శబ్దమునుండి పుట్టినది. అటవి నుండి ఆటవికుఁడు వచ్చినట్లే. క్రూరుఁడు, నాగరకత లేనివాఁడు అనునది రూఢి. అడవియందుండువాఁడు అనునది యోగార్థము. యోగమును రూఢి యపహరించు నని శాస్త్రజ్ఞు లందురు. కాపెష్ ఆ యపహరణమును గుర్తించి సొమ్మును దిరిగి పుచ్చుకొనుచున్నది. యోగార్థము సిద్ధించిన పిమ్మట నది తిట్టుగా నిలువదు, సాక్ష్యపత్రమగును. ‘అడవి నీది కాదు’ అని వాదించువాఁడే ప్రతివాదిని ‘అడవిదానా’ యని పిలిచినచో వాని వాదము వాని నోటనే చెడుచున్నది.

ఖనిజమును గనుఁగొనుటను గూర్చిన ప్రకరణము గ్రంథమునకు గుండెకాయ వంటిది. ఏ. పీ. లో యను భూగర్భశాస్త్రజ్ఞుఁడు 1893–95 సంవత్సరములలో నా ప్రాంతమునఁ దిరిగి యినుపఖనిజమును గూర్చి వ్రాసెను. 1937లో మాత్యూ ఆంద్రే యను ఇన్నూ వేఁటకాఁడు జోసెఫ్ రెట్టీ యను భూగర్భశాస్త్రజ్ఞునకు ఖనిజపుఱాతిని జూపెను. 1949లో కంపెనీ యేర్పడెను. 1954 నాఁటికి సెత్-ఈల్ రేవునుండి షెఫర్‌విల్ దాఁక నించుమించుగా 570 కిలోమీటర్ల రైలుమార్గము పూర్తియైనది. గనులకును ఊరికిని విద్యుత్తునకై మెనిహెక్ సరస్సుల యొద్ద ఆనకట్ట వచ్చినది. గనియు, రైలును, ఆనకట్టయు నొక్క త్రాటఁ గట్టినవి. ఒకటి వచ్చినచో తక్కిన రెండును రాక తప్పదు. తెల్లవారు కనుఁగొనిరని చెప్పు చరిత్రమును కాపెష్ ఖండించి, ఆ ఱాతిని మొదట నెఱిఁగినవాఁడు ఇన్నూవాఁడే యనును.

ఇచటఁ దెలుఁగుభాష యొక వెలుఁగు నిచ్చును. కను ధాతువునకుఁ గొను చేరి ‘కనుఁగొను’ అయినది. కొను చేరినపుడు క్రియాఫలము కర్తకుఁ జెందుట తెలుఁగువారికిఁ బరిచితమే: వండుట వేఱు, వండుకొనుట వేఱు. ఇన్నూలు కనిరి, వచ్చినవారు కనుఁ‘గొనిరి’. మొదటి క్రియలో నెఱుక యున్నది, స్వీకారము లేదు. రెండవదానిలో స్వీకారమే ప్రధానము. చరిత్రకారులు రెండవ క్రియకే కాలమును గర్తను నిర్దేశించి, మొదటి క్రియ జరుగనే లేదన్నట్లు వ్రాసిరి. కాపెష్ వాదము పైకి ‘మొదట నెవరు చూచిరి’ అను తగవుగాఁ గనఁబడును. లోఁతునఁ జూచినచోఁ, జూచుటకును బుచ్చుకొనుటకును నడుమ నడుగవలసిన యనుమతి యెందుఁ బోయినదని యామె ప్రశ్న. ఈ ప్రశ్నకుఁ దేదీలతో సమాధానము చెప్పువారు ప్రశ్నను వినలేదనవలయును.

గ్రంథమును వదలి క్షణకాల మా భాషను జూడవలయును. ఇన్నూలు తమ దేశమును ‘నితాసినాన్’ అందురు. ఫ్రెంచిలోను ఆంగ్లములోను దీనిని ‘మా నేల’, ‘మన నేల’ యను భేదము లేకయే యనువదింతురు. ఆ భాషలలో భేదమును జూపు సర్వనామము లేదు. ఇన్నూభాషలోఁ గలదు. వినువానిని గలుపుకొనక చెప్పినపుడు నితాసినాన్. కలుపుకొని చెప్పినపుడు చితాసిను. సంస్కృతము సైతము చూపలేని యీ భేదము, మే మనము లెఱిఁగిన తెలుఁగుబాలునకు సహజముగాఁ దెలియును. తమలోఁ దాము మాటాడుకొనునపుడు చితాసిను చాలును. నితాసినాన్ అని పలుకవలసివచ్చినదన్నచో వినువాఁడు పరుఁడై యెదుట నిలిచి యున్నాఁ డన్నమాట. అది దేశనామమే కాని, ఆ నామము లోపలనే ప్రతివాది యొకఁ డున్నాఁడు.

ఈ సంబంధము స్వస్వామిభావ మేనా? పాణిని షష్ఠిని శేషమునందు విధించుటచేత సంబంధములు బహువిధము లని వ్యాఖ్యాతలు విస్తరించిరి. రాజుయొక్క భటుఁడు, చెట్టుయొక్క కొమ్మ, తండ్రియొక్క కొడుకు: మూఁట నొకే విభక్తి, మూఁడు సంబంధములు. ‘మాయొక్క నేల’ యన్న షష్ఠిని ప్రభుత్వములును కంపెనీలును మొదటి సంబంధముగానే గ్రహించి, ‘అట్లయినచో పత్రము చూపుఁడు’ అనిరి. లాబ్రడార్‌లోని చర్చిల్ జలపాతము నొద్ద విద్యుత్కేంద్రము 1971లో నారంభమై 1974లోఁ బూర్తి యగునప్పటికి, ఇంచుమించుగా 6,500 చదరపు కిలోమీటర్ల జలాశయము క్రింద మెషికమావు సరస్సును, చుట్టునుగల ఇన్నూల వేఁటభూములును మునిఁగినవి. వారి నెవరును సంప్రదింపలేదు. ఆ ముంపునకుఁ బరిహారము 2011 నాఁటి యొడంబడికలోఁ గాని రాలేదు. 1975లో జేమ్స్ అఖాతపు జలవిద్యుత్పథకము విషయమై క్రీలును ఇన్యూయిట్లును సంతకము చేసిన యొడంబడికలో హక్కులను విడుచుటకు నాలుగు క్రియాపదములు వరుసగాఁ బ్రయోగింపఁబడినవి. ఒక్క క్రియతో సరిపోవుచోట నాలుగు వాడినవానికి ఆ హక్కు బలమును గూర్చి యెంత భయ ముండెనో యూహింపవచ్చును. 1977లో కెనడా పార్లమెంటు దాని ననుసరించి చేసిన చట్టమున, సంతకము చేయని యాదివాసుల హక్కులును, ఆ భూభాగమున, ఆర్పివేయఁబడినవి. ఇన్నూలు సంతకము చేయనివారిలోనివారు. ‘ఆర్పివేయఁబడినవి’ యను కర్మణిప్రయోగము గమనింపఁదగినది. అందుఁ గర్త కనఁబడఁడు.

కాపెష్ శైలికి దీనిని బ్రతికక్ష్యగా నుంచి చూడవలయును. ఆమె వాక్యములలోఁ గర్త యెన్నఁడును లోపింపఁడు: తెల్లవాఁడు వచ్చెను, తెల్లవాఁడు తలఁచెను, తెల్లవాఁడు చెప్పలేదు. ఏకవచనము జాతిపరము. పదే పదే వచ్చుటచే విసుగు పుట్టించు నని యాక్షేపింపవచ్చును. ఆ యాక్షేపము నిర్మూలము కాదు. మతగురువును, గనియధికారియు, పాఠశాలోపాధ్యాయుఁడు, వేఁట నరికట్టు రక్షకభటుఁడు, పత్రికవాఁడు: వీరందఱకు నొక్క ముఖమే యిచ్చుట వలనఁ గొన్ని ప్రకరణములలో వివేచనము సన్నగిల్లినది. మద్యమును గూర్చిన భాగమున నిది యెక్కువగాఁ దెలియును. పునరుక్తి మాత్రము వేఱు సంగతి. నోటితోఁ జెప్పి చెవితో వినిపించు సంప్రదాయమునఁ బునరుక్తి పాదము మోపుటకు మెట్టు. దానిని వ్రాఁతకొలఁదులతో దోష మనుట యుక్తము కాదు. చట్టము కర్తను దాఁచుచుండఁగా నామె కర్తను మరల మరల నిలువఁబెట్టుటలో వ్యాకరణన్యాయము కలదు. ఆమె కాకువు, అనఁగాఁ బైకి మెచ్చుకోలై లోపల దెప్పు అగు స్వరము, కూడ నీ యేకవచనమునఁ బదునెక్కును.

కాలము గ్రంథమునకు వ్యాఖ్యానము వ్రాసినది. 1982లో కంపెనీ షెఫర్‌విల్ గనులను మూసివేసెను. 1986లోఁ బట్టణమునే రద్దుచేసి యిండ్లు పెక్కింటిని గూల్చిరి. త్రవ్వుటకు వచ్చినవారు పోయిరి, ఇన్నూలు మిగిలిరి. 2005 నుండి రైలుమార్గపు ఉత్తరభాగమున ప్రయాణికుల బండ్లను నడపు సంస్థ యాదివాసులదే. 2010 తరువాత టాటా ఉక్కుసంస్థ కెనడాశాఖ యా ప్రాంతమున ఖనిజమునకై వచ్చుటచే, ఈ గ్రంథము హిందూదేశపు చదువరులకుఁ గేవలము పరదేశవృత్తాంతము కాకపోయెను. ఇక 2013లో ఇన్నూలు గనుల కంపెనీపై వేసిన వ్యాజ్యమున, కెనడా సర్వోన్నతన్యాయస్థానము 2020 ఫిబ్రవరిలో నైదుగురు నలుగురుగాఁ జీలి యొక తీర్పు చెప్పెను. 1927లో నిర్ణయమైన క్వెబెక్ లాబ్రడార్ సరిహద్దున కిరువైపులఁ గల నేలను గూర్చి యొక్క న్యాయస్థానముననే వాదింపవచ్చునని యధికసంఖ్యాకుల మతము. ఆదివాసుల హక్కు సామాన్యమైన వస్తుస్వామ్యము వంటిది కాదు, తనకుఁ దానే సాటియైన ప్రత్యేకజాతిది యని వారు హేతువు చూపిరి. స్వస్వామిభావమున నిముడని షష్ఠి యని వైయాకరణు లెట్లందురో యట్లే.

2019లో మాంట్రియాలున గ్రంథము పునర్ముద్రితమైనది. 2020లో సారా హెన్జీ ఆంగ్లానువాదము వెలువడినది. ఆంగ్లమునఁ ‘బాడు ఆటవికను’ అను నర్థమే నిలిచి స్త్రీప్రత్యయము జాఱిపోయినది. ఆ భాషలో నా శబ్దమునకు స్త్రీరూపము లేకపోవుట కారణము. నష్టము స్వల్పము కాదు. ఇన్నూస్త్రీ యనుటలోని స్త్రీత్వము పోయినచో, సంతతి కొఱకు వ్రాసితినన్న పీఠిక తేలిపోవును.

ఆ యాంగ్లసంపుటముననే కాపెష్ రెండవ గ్రంథమును గలదు. 1979 నాఁటి యా కథ బాలుఁ డొకఁడు నాయకుఁడుగాఁ గల రూపకము. తెల్లవా రందు బొమ్మలాటలోని విదూషకులై కనఁబడుదురు. దాని నామము ‘తానితె నెనె ఎతుతమిన్ నితాసి’. నితాసి యనఁగా ‘నా నేల’. బహువచనము పోయి యొంటరిగా మిగిలినది. ‘ఎతుతమిన్’ అను క్రియాపదముననే మధ్యమపురుషైకవచన మిమిడియున్నది. ఫ్రెంచివాఁడును ఆంగ్లేయుఁడును ‘నీవు’ అను సర్వనామమును వేఱుగా వ్రాయక తప్పదు. తెలుఁగున ననువదించువానికి ఆ యవసరము లేదు: నా నేల నేమి చేసితివి?