ముందు పడవలు దిగనివ్వండి

మురికినీటి ఒడ్డున బోట్‌హౌస్ ఏమిటి, ముందు నీళ్లు బాగుచేయండి అంటారు చాలామంది. వినడానికి సబబుగానే ఉంటుంది. షికాగో నదిని చూశాక మాత్రం ఆ మాట నాకు మింగుడుపడటం లేదు.

ఆ నదికి దక్షిణాన బబ్లీ క్రీక్ అని ఒక పాయ ఉంది. 1865లో మొదలైన యూనియన్ స్టాక్‌యార్డ్స్ కబేళాల నెత్తురు, పేగులు, కొవ్వు దశాబ్దాలపాటు అందులోకే పోశారు. స్టాక్‌యార్డ్స్ 1971లో మూతపడ్డాయి, కానీ అడుగున పేరుకున్న కుళ్లు అక్కడే ఉండిపోయింది. ఎండలు ముదిరితే ఇప్పటికీ గ్యాసు బుడగలు పైకి లేస్తాయి. సరిగ్గా ఆ పాయ మొగలోనే 2016లో ఎలనార్ బోట్‌హౌస్ వెలిసింది. అంతకు మూడేళ్ల ముందే ఉత్తరాన క్లార్క్ పార్కులో మరొకటి కట్టారు. రెండూ స్టూడియో గ్యాంగ్ అనే ఆర్కిటెక్టుల సంస్థ డిజైన్లే.

క్లార్క్ పార్కు కప్పును అందరూ ఫొటో తీసుకుంటారు. కప్పును మోసే ఒక ట్రస్ తిరగేసిన ‘వి’, పక్కది ‘ఎం’, అలా తెడ్లు లేచి పడుతున్నట్టే ఉంటుంది. అందమే, కాదనను. నా కళ్లు మాత్రం కిందనే ఉంటాయి. ఎనిమిదిమంది తెడ్లు వేసే పడవ సుమారు అరవై అడుగులు, బరువు వంద కిలోలకు అటూఇటూ. దాన్ని భుజాలమీద మోసుకుని ఎనిమిదిమందీ ఒక్క అడుగుగా బయటికి రావాలి. గుమ్మం దగ్గర మలుపు ఉందా, తోక గోడకు తగిలినట్టే! అందుకే అడ్డుస్తంభాలు లేని పొడవాటి గది, గోడల వెంట అరలు, తలుపు నుంచి నీళ్లదాకా తిన్నని దారి కావాలి. రేవు బల్ల నీటికి జానెడు ఎత్తులో ఉంటే చాలు, అంతకు మించితే తెడ్డు దానిపైకి చాపడం కష్టం.

ఇక నీళ్ల సంగతి. షికాగోకు తాగునీరిచ్చే సరస్సులోకి మురుగు పోకుండా 1900లో ఈ నదిని వెనక్కి తిప్పారు (తమ తాగునీరు దక్కించుకుని, కంపు దిగువ ఊళ్లకు పంపారన్నమాట). శుద్ధి చేసిన మురుగులో క్రిములు కూడా చంపాలంటే దండగ ఖర్చని అధికారులు ఏళ్లతరబడి మొండికేశారు. 2011లో ఫెడరల్ పర్యావరణ సంస్థ ఒప్పుకోలేదు. జనం ఈ నీళ్లలో కయాక్‌లు నడుపుతున్నారు, ఒళ్లు తడుపుకుంటున్నారు, క్రిములు చంపాల్సిందే అంది. 2016లో ఓబ్రయన్ శుద్ధికేంద్రంలో అతినీలలోహిత దీపాలు వెలిగాయి. ఖాళీ నదిని చూపించి ఆ వాదన గెలవగలిగేవారా? నాకైతే నమ్మకం లేదు.

షికాగో శివార్లలో, నేపర్‌విల్, అరోరాల్లో ఉండే మనవాళ్లు ఈ వేసవిలో పిల్లల్ని తీసుకుని ఒకసారి ఆ రెండు బోట్‌హౌసుల్లో ఏదో ఒకదాని రేవుకు వెళ్లండి. పెద్ద వాన కురిసిన మర్నాడు మాత్రం వద్దు. మురుగు కాలువలు అప్పుడప్పుడూ ఇంకా నదిలోకే పొంగుతున్నాయి.