139వ కీర్తన – సగములో ఆగిన ప్రసంగము

దేవుని సర్వజ్ఞతను గూర్చి ప్రసంగించునప్పుడు మనము తరచుగా 139వ కీర్తనను చేపట్టి, దేవుని కన్ను ఎవరును తప్పించుకొనలేరని హెచ్చరించి ముగించుచున్నాము. పాలకుర్తి ప్రాంతములో మేమును ఏండ్ల తరబడి ఇట్లే బోధించితిమి. ఫలితమేమి? విశ్వాసులు పాపమును మానలేదు. పాస్టరు కంటబడకుండ జాగ్రత్తపడుట నేర్చుకొనిరి.

ఈ వ్యాఖ్యానములోని లోపము కీర్తనను సగములో ఆపుటయే. 7వ వచనములో పారిపోవు చోటును గూర్చి అడిగినవాడు 23వ వచనములో తనను పరిశోధింపుమని తానే వేడుకొనుచున్నాడు. మొదటి వచనములోని ‘పరిశోధించు’ అను క్రియయే ఇక్కడ ప్రార్థనగా మారినది. హెబ్రీ పత్రికయు అంతే: 4:13లో సమస్తమును దేవుని యెదుట బట్టబయలని చెప్పి, 4:16లో కృపాసనమునొద్దకు ధైర్యముతో రమ్మనుచున్నది.

పాలకుర్తి వాడని మనము చెప్పుకొను పాల్కురికి సోమనాథుడు బసవపురాణములో గొడగూచి కథ చెప్పెను. తానిచ్చిన పాలు శివుడు త్రాగెనని ఆ బాలిక చెప్పగా తండ్రి నమ్మలేదు. ఆమె నిజము దేవునికే తెలియును. కథాంతమున ఆమె శివునిలో లీనమగును. ఇక్కడ ఒక భేదమును గమనింపవలెను. గొడగూచి కల్లకపటములు ఎరుగని పిల్ల. కీర్తనకారుడైతే తన నిర్దోషత్వమును తానే నమ్మడు. తనలో చెడు మార్గమున్నదేమో చూడుమని అడుగును. లీనమగుటను కాదు, నిత్యమార్గమున నడిపింపబడుటను కోరును.

కాబట్టి నమ్మకముగా జీవించుట అనగా దొరకకుండుట కాదు, దాచకుండుట. ఈ కీర్తనను 24వ వచనము వరకు చదువుదము. ఆ ప్రార్థన మొదట మన నోట రావలెను.