దొరకని పేరుకు కంపైలర్ జవాబు

రస్ట్‌లో ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఈ0432 అనే ఎర్రర్ ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడుతుంది. ప్రామాణిక లైబ్రరీలోని కలెక్షన్స్ మాడ్యూల్ నుంచి హ్యాష్‌మ్యాప్‌ను తెచ్చుకోబోయి ‘కలెక్షన్స్’ స్పెల్లింగులో ఒక ‘ఎల్’ వదిలేస్తే చాలు, ‘అన్‌రిజాల్వ్డ్ ఇంపోర్ట్’ అంటూ ఆ నంబరుతో ఎర్రర్ వస్తుంది. తప్పున్న ముక్క కింద కంపైలర్ గుర్తు పెడుతుంది; తప్పు తెచ్చుకునే పేరులోనే ఉంటే, ఆ మాడ్యూల్లో ఇలాంటి పేరే ఇంకొకటి ఉందని కూడా చెబుతుంది.

అంతమాట చెప్పడానికి కంపైలర్ చాలాసేపు ఓపిక పడుతుంది. ఒక ఇంపోర్టు మరో ఇంపోర్టు తెచ్చే పేరు మీద ఆధారపడి ఉండొచ్చు. నక్షత్రం గుర్తుతో మాడ్యూలు మొత్తాన్ని లాక్కొచ్చే ఇంపోర్టులుంటాయి. మ్యాక్రోలను విప్పితే కొత్త పేర్లు పుడతాయి. అందుకే తేలనివాటిని పక్కన పెట్టి, తేలినవాటి సాయంతో మళ్లీ మళ్లీ వెతుకుతుంది. ఒక చుట్టులో కొత్తగా ఏదీ తేలకపోతేనే మిగిలినవాటిని తప్పులంటుంది.

నా దృష్టిలో అసలు నేర్పు ఆ తర్వాతిది. దొరకని ఆ హ్యాష్‌మ్యాప్‌ను కింద నలభై చోట్ల వాడినా నలభై ఫిర్యాదులు రావు. కంపైలర్ ఆ పేరుకు ఒక ఉత్తుత్తి అర్థం అంటగట్టి, వాడిన చోటల్లా ఊరుకుంటుంది. తప్పు ఒకటే కాబట్టి ఎర్రర్ కూడా ఒకటే. సీ భాష కంపైలరైన జీసీసీది మొండి పద్ధతి: హెడర్ ఫైలు కనబడకపోతే ‘ఫేటల్ ఎర్రర్’ అని అక్కడికక్కడే ఆగిపోతుంది. లోపల ఏముందో తెలియని ఫైలు గురించి ఊహలెందుకన్నది సబబే. కాకపోతే కింద ఉన్న వేరే తప్పులు ఆ విడతకు బయటపడవు.

ఇక సూచన సంగతి. అక్షరదోషాల్లో 80 శాతానికి పైగా నాలుగు రకాలేనని 1964లో పరిశోధకుడు డామెరౌ చూపించాడు: ఒక అక్షరం మారడం, పోవడం, ఎక్కువ పడటం, పక్కపక్కవి తారుమారవడం. ఒక మాటను మరో మాటగా మార్చడానికి ఎన్ని మార్పులు కావాలో చెప్పే కొలమానం మరుసటి ఏడాది లెవెన్‌స్టైన్ ఇచ్చాడు. రస్ట్ మామూలుగా పేరు పొడవులో మూడో వంతు మార్పుల దాకానే ఒప్పుకుంటుంది, ఏడక్షరాల పేరుకు రెండు. అంతకు మించితే ఏ పేరూ సూచించదు.

సూచించి ఊరుకోకుండా తనే దిద్దేస్తే? అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1970ల నాటి పీఎల్/సీ కంపైలర్ అదే చేసేది. విద్యార్థి పంచ్ కార్డులిచ్చి ఫలితం కోసం కాచుకునే రోజుల్లో అది మేలే. ఇప్పుడు ఫలితం క్షణాల్లో తెలుస్తుంది, పైగా ప్యాకేజీల నిల్వల్లో ప్రసిద్ధమైన పేర్లను పోలిన నకిలీలను కావాలని పెట్టేవాళ్లున్నారు. బయటి లైబ్రరీ (రస్ట్ మాటల్లో ‘క్రేట్’) దొరకనప్పుడు రస్ట్ ఈ మధ్య ఇస్తున్న సలహాలో ‘ఒకవేళ ఈ పేరుగల క్రేటే మీకు కావాలనుకుంటే’ అన్న షరతు ముందుంటుంది, దాన్ని ప్రాజెక్టులో చేర్చే ‘కార్గో యాడ్’ అన్న ఆదేశం ఆ తర్వాతే. కానీ అందులో కనిపించేది మనం టైపు చేసిన పేరే. అక్షరం తప్పు పడి ఉంటే, ఆ తప్పుతో సహా.