బొగ్గు పాఠానికి ఏ పేజీ?

సికింద్రాబాద్ బడుల్లో తరిగిపోయే ఇంధనాల గురించి చెప్పాలంటే టీచర్ చేతికి ముందుగా దొరికేది ఒక జాబితా: బొగ్గు, పెట్రోలియం, సహజవాయువు. పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు, మార్కులూ పడతాయి. అవి ఎందుకు తరిగిపోతాయో మాత్రం జాబితా చెప్పదు. ఆ ‘ఎందుకు’ చెప్పే పేజీని వెతికి తరగతికి తేవడం టీచర్ చేసే పనుల్లో చాలా విలువైనది.

తొలి పరీక్ష ఒక్క వాక్యంతోనే తేలిపోతుంది. ‘బొగ్గు మళ్లీ ఏర్పడదు’ అని రాసిన పుస్తకాన్ని పక్కన పెట్టాలి. ఎందుకంటే ఏర్పడుతుంది, కాకపోతే మన లెక్కలకు అందనంత నెమ్మదిగా. గోదావరి లోయ బొగ్గు వయసు పాతిక కోట్ల ఏళ్లకు పైమాటే. డైనోసార్లు పుట్టకముందు చిత్తడి నేలల్లో పెరిగిన చెట్లు మట్టి కింద పూడి, ఒత్తిడికీ వేడికీ బొగ్గయ్యాయి. అంతకాలం పట్టినది పొయ్యిలో నిమిషాల్లో బూడిదవుతుంది. ఈ తేడా చెప్పిన పుస్తకమే పాఠం చెప్పినట్టు.

తర్వాత చూడాల్సింది ఊరూ పేరూ.

ఎక్కడో ఇంగ్లండ్ గని బొమ్మ కంటే సింగరేణి కథ పిల్లలకు దగ్గరిది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఆనవాళ్లు గుర్తించారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులు దక్కాయి, 1920లో సింగరేణి కాలరీస్ పేరు వచ్చింది. కొత్తగూడెంలోనో గోదావరిఖనిలోనో ‘బాయి’ (గని) పనికెళ్లే మేనమామ ఉన్న పిల్ల, ఈ పేజీ చదివిన రోజు తరగతిలో తప్పకుండా నోరు విప్పుతుంది. కార్మికుడి మాట కూడా వినిపించే పాఠం దొరికితే వదలకూడదు.

తరిగిపోయేవన్నీ శిలాజ ఇంధనాలేనని సరిపెట్టే పుస్తకాలతోనూ జాగ్రత్త. యురేనియం శిలాజం కాదు, అయినా తరిగిపోయేదే. కడప జిల్లా తుమ్మలపల్లెలో దాని గని ఉంది. అణు రియాక్టర్లకు ఇంధనం తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ సికింద్రాబాద్‌కు పక్కనే, మౌలాలి దగ్గర ఉంది.

ప్రమాదాన్ని దాచే పాఠం కూడా సగం పాఠమే. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి బావిలో గ్యాస్ ఎగదన్ని అంటుకున్న మంటను ఆర్పడానికి 65 రోజులు పట్టింది. నాటి పత్రికల కథనాలు పెద్ద తరగతులకు మంచి చదువు. భూమి లోపల గ్యాస్ ఎంత ఒత్తిడిలో ఉంటుందో వాటితో పాటు వివరించాలి.

చివరగా ఇంటి కరెంటు బిల్లునూ పాఠ్యంగా తీసుకోవచ్చు. థర్మల్ కేంద్రంలో ఒక్క యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. 200 యూనిట్ల బిల్లంతా బొగ్గు కరెంటే అనుకుంటే 140 కిలోలు. ఈ లెక్క చేసిన పిల్లలు శ్రీశైలం, నాగార్జునసాగర్ కరెంటు మాటేమిటని అడుగుతారు. జలవిద్యుత్ మీద ఒక పేజీ అప్పటికే టీచర్ దగ్గర సిద్ధంగా ఉండాలి.