డాక్టరు సారు బడికి పోయిన వారం

ఆరుద్ర కార్తె మొదటి వాన పడ్డ మర్నాడు సోమశిల రేవుకు పోతూ, దారిలో ఒక పశువుల దవాఖాన ముందు బండి ఆపాను. ఏ ఊరిదో రాయను. తలుపుకు తాళం. వేపచెట్టు కింద ఒక కురుమ పెద్దాయన గొర్రెను మోకాళ్ల మధ్య పట్టుకుని కూర్చున్నాడు. పొద్దున్నే నాలుగు మైళ్లు నడిపించుకుని వచ్చాడట.

"సారు ట్రైనింగుకు పోయిండంట. మూడు దినాలు రాడంట" అన్నాడు.

అడగకుండానే గొర్రె కింది రెప్పను బొటనవేలితో లాగి చూపించాడు. లోపల ఎర్రగా ఉండాల్సిన పొర నానబెట్టిన బియ్యం రంగులో ఉంది. "నెత్తురు లేదు సారూ. నట్టలు తాగేసినయ్." దవడ కింద చెయ్యి పెట్టి చూడమన్నాడు. నీళ్లు నింపిన చిన్న సంచిలా మెత్తగా తగిలింది.

నాకు కోపం వచ్చింది. రోగమేమిటో ఈ ముసలాయన వేలికి తెలుసు. మందు ఇవ్వాల్సిన మనిషేమో ఎక్కడో హాల్లో కూర్చుని తెర మీద బొమ్మలు చూస్తున్నాడు. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా మాట కొత్త కాదు: పని నేర్పేది పనే. గద్వాల మగ్గం గుంటలో కూర్చుని రాసిన వారాల్లోనూ, ఇదే రేవులో పుట్టి అల్లే చేతుల గురించి రాసిన వారంలోనూ అదే అన్నాను. చేతికి రాని చదువు చదువే కాదని ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. ఈ వారం కూడా అదే రాద్దామనుకున్నాను. ఆ సాయంత్రం నాకు తెలిసిన ఒక పశువైద్యుడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఇరవై ఆరేళ్లుగా మండలాల్లోనే పనిచేస్తున్న మనిషి. అంతా విని ఒకటే అడిగాడు.

"నీకు రాబందులు యాదికున్నయా అన్నా?"

ఉన్నాయి. ఎందుకుండవు? చిన్నప్పుడు మా ఊరి బయట తోళ్ల దిబ్బ ఉండేది. ఎద్దు చచ్చిందంటే బండి మీద అక్కడికి చేర్చేవాళ్లు. తోలు ఒలిచినాయన ఇంకా కత్తి తుడుచుకోకముందే ఆకాశంలో ఒక చుక్క, దాని వెనక ఇంకొకటి. చూస్తుండగానే ముప్పై నలభై దిగేవి. రెక్కలు సగం విప్పి, గెంతుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ తినేవి. మేము బడి నుంచి తిరిగొచ్చేసరికి తెల్లటి పక్కటెముకలు తప్ప ఇంకేమీ మిగిలేది కాదు. వాసన కూడా ఉండేది కాదు. వాటిని చూస్తే మాకు భయం, మా అమ్మకు అసహ్యం. అవి చేసేది ఎంత పెద్ద పనో మాలో ఎవరికీ తెలియలేదు.

నేను ఉద్యోగానికి వెళ్లి కొన్నేళ్ల తర్వాత సెలవులో వచ్చేసరికి దిబ్బ కంపు కొడుతోంది. ఒక బర్రె కళేబరం ఉబ్బి పడి ఉంది. చుట్టూ ఇరవై కుక్కలు. ఆకాశంలో చుక్క లేదు. ఎవరో విషం పెట్టారన్నారు, అడవి పోయిందన్నారు, సెల్ టవర్లన్నారు. నేనూ ఏదో ఒకటి నమ్మాను.

అసలు కారణం 2004లో బయటపడింది. పాకిస్తాన్‌లో లిండ్సే ఓక్స్ అనే పశువైద్యుడు, ఆయన తోటివాళ్లు చచ్చిన రాబందులను కోసి చూశారు. లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర. మూత్రపిండాలు చెడి, యూరిక్ ఆమ్లం ఒళ్లంతా పేరుకుపోయింది. వెతుక్కుంటూ పోతే అది డైక్లోఫెనాక్ దగ్గర తేలింది. కుంటే ఎద్దుకూ, జ్వరం వచ్చిన ఆవుకూ వేసే నొప్పి సూది. సూది పడ్డాక ఒకటి రెండు రోజుల్లో పశువు చస్తే, ఆ మాంసం తిన్న రాబందు బతకదు. తెల్లవీపు రాబందులు మన దేశంలో నూటికి తొంభై తొమ్మిది పోయాయి. మన తెలంగాణలో ఆ తర్వాత రాబందు గూళ్లు కనిపించిన చోటు ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట.

"ఇప్పుడు చెప్పన్నా," అన్నాడు డాక్టరు. "నేను పట్టా తీసుకున్ననాడు అది మంచి మందు. చవక, తొందరగా పనిచేస్తది. పొద్దున సూది ఏస్తే మాపటికి ఎద్దు లేసి మేత మేసేది, రైతు దండం పెట్టేటోడు. పని నేర్పుతదంటివి గదా, నా పని నాకు ఏం నేర్పింది? ఇంకో సూది ఎయ్యమని నేర్పింది."

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. నేతలో తప్పు జరిగితే పోగు తెగి కళ్ల ముందే కనిపిస్తుంది. పుట్టి అల్లికలో సందు ఉంటే నీళ్లు కాళ్లకే తగులుతాయి. ఆ సూదిలో తప్పు మాత్రం సూది వేసిన చేతికి ఎన్నడూ తెలియదు. ఎద్దుకు నయమైంది. చచ్చింది రాబందు, ఎక్కడో గుట్ట మీద, ఎవరూ చూడని చోట. ఇరవై ఆరేళ్లు కాదు, వందేళ్లు పనిచేసినా ఆ పని ఈ సంగతి చెప్పదు. బయటి నుంచి ఎవరో వచ్చి చెప్పాల్సిందే.

2006లో పశువుల వైద్యంలో డైక్లోఫెనాక్‌ను నిషేధించారు. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు మందుల దుకాణంలో దొరికేవి. ఆ సీసాను మూడు మిల్లీలీటర్లకు కుదించేసరికి 2015 వచ్చింది. దాని బదులు చాలామంది ఎసిక్లోఫెనాక్ పట్టుకున్నారు. పశువు ఒంట్లో అది డైక్లోఫెనాక్‌గానే మారుతుందని తేలింది. 2023లో దాన్నీ, కీటోప్రొఫెన్‌నూ ఆపారు, తర్వాత నిమెసులైడ్‌ను. రాబందుకు హాని చేయని మెలాక్సికామ్ ఉందని 2006 నిషేధం నాటికే తెలుసు. పట్టా ఒకటే, కానీ దాని కింద ఒక్క నొప్పి సూది విషయంలోనే ఇన్నిసార్లు తెలిసింది మరచి మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. 1984 చట్టం ప్రకారం పశువైద్యుడు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ తిరగరాయించుకోవాలి. ఆ మధ్యలో బుర్రను కూడా తిరగరాసుకోకపోతే ఆ కాగితం ఎందుకు?

డాక్టరు ఇంకో మాట చెప్పాడు. అన్నిటికంటే అదే నన్ను పట్టుకుంది. మొదటిసారి డైక్లోఫెనాక్ సంగతి విన్నది రాజేంద్రనగర్‌లో, ఒక శిక్షణలో. విన్నాక లేచి నిలబడి, "నేను ఎయ్యి సూదులన్న ఏసి ఉంట" అన్నాడట. హాలంతా నిశ్శబ్దం. వెనక వరుసలో ఇంకొకాయన చెయ్యెత్తాడు, ఆ తర్వాత మరొకాయన. "మండలానికి ఒక్కనిమి ఉంటమన్నా. తప్పు జేస్తే ఎవనికి చెప్పుకోవాలె? రైతుకు చెప్తే నమ్మకం పోతది, పైసారుకు చెప్తే నౌకరి పోతది. ఆ మూడు దినాలే మాకు."

నేను హాలు అని తీసిపారేసిన చోటు అది.

తాళం మీద నా కోపం మాత్రం పోలేదు. డాక్టరు నేర్చుకోవడానికి పోతే ఆ మూడు రోజులు పక్క మండలం ఆయన వస్తాడని తలుపు మీద ఒక కాగితం అంటించాలి, ఒక ఫోన్ నంబరు రాయాలి. నాలుగు మైళ్లు నడిచొచ్చిన గొర్రెతో డాక్టరు చదువు ఖర్చు కట్టించకూడదు.

గురువారం ఆ దవాఖాన డాక్టరు తిరిగొచ్చాడు. శుక్రవారం పొద్దున పెద్దాయన మంద దగ్గరికి వస్తున్నాడని తెలిసి నేనూ వెళ్లాను. శ్రీశైలం నీళ్లు వెనక్కి పోయిన ఒడ్డున, బురద ఆరి పచ్చిక మొలిచిన చోట మంద ఆగి ఉంది. తాళం రోజున చూసిన గొర్రె బతికే ఉంది, పక్క ఊరి నుంచి మందు తెచ్చి తాపాడట. డాక్టరు జేబులోంచి ఒక అట్ట తీశాడు. దాని మీద అయిదు రంగులు, ముదురు ఎరుపు నుంచి తెలుపు దాకా. దక్షిణాఫ్రికా పశువైద్యుడు ఫాఫా మలన్ పేరు మీద దాన్ని ఫమాచా అంటారు. కింది రెప్ప లాగి పక్కన పెట్టి పోల్చుకోవాలి.

పెద్దాయన అట్ట కేసి చూసి, తన బొటనవేలు కేసి చూసుకున్నాడు. "ఇది మా తాత సూపిందే గద సారూ."

"అవును మామా. కానీ ఒక్కదాని కన్ను తెల్లగైతే నువ్వు మందకంతా మందు తాపుతవ్ గద?"

"తాపుత. అందరం తాపుతం."

"అట్ల తాపితే మందుకు చావని నట్టలే మిగులుతయ్. వాటి పిల్లలే రేపు ఈ గడ్డి మీద ఉంటయ్. ఇగ ఏ మందూ పనిచెయ్యదు. తెల్లగైనవాటికే తాపుదాం, ఎర్రగున్నవాటిని ఇడిచిపెడదాం. వాటిలో మందు ఎరగని నట్టలుంటయ్. మొండి నట్టలు వాటిల కలిసిపోతయ్."

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మనవణ్ని జాజు కలపమన్నాడు. ఒక్కొక్క గొర్రెనూ ఆయన పట్టుకుని రెప్ప లాగితే డాక్టరు అట్ట పెట్టాడు. నాలుగు, అయిదు రంగుల్లో ఉన్నవాటికి మందు తాపి, వీపు మీద జాజు చార గీశారు. రెండుసార్లు ఇద్దరికీ మాట కలవలేదు. ఒకసారి అట్ట ప్రకారం పోయారు, ఒకసారి వేలి ప్రకారం.

ఎండెక్కేసరికి పనైపోయింది. డాక్టరు చేతులు కడుక్కుంటుంటే పెద్దాయన అడిగాడు.

"మళ్ల ఎప్పుడు పోతవు సారూ బడికి?"

"ఎందుకు మామా?"

"పోయేముందు నాకు చెప్పు. రెండేండ్ల సంది మా ఈతలల్ల పిల్లలు నెల తక్కువ పడుతున్నయ్. అక్కడ అడిగి రా."

డాక్టరు తడిచేతులతోనే చిన్న నోటుబుక్కు తీసి రాసుకున్నాడు.