దింపు డబ్బుల కంప్యూటర్

మా కోనసీమ ఇళ్ళల్లో పిల్లల ముందు మాట్లాడని విషయమంటూ ఉండదు. ఎవరింటి సంబంధం ఎందుకు తప్పిపోయిందీ, గట్టు తగాదాలో న్యాయం ఎవరివైపు ఉందీ, పక్కవీధి అబ్బాయికి అమెరికాలో జీతమెంతా, అన్నీ వాళ్ళ చెవిన పడాల్సిందే. మన ఇంట్లో ఎంత ఉందన్నది మాత్రం చెప్పం. ఏదైనా అడిగితే "చూద్దాంలే" అని తప్పించుకుంటాం. ఇక వాళ్ళు ఇంటి స్తోమతను తమకు తోచినట్టు ఊహించుకుంటారు. కొందరు మనల్ని పిసినారులనుకుంటారు. కొందరు అప్పుల్లో ఉన్నామేమోనని లోపల్లోపల భయపడతారు.

తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి గేమింగ్ కంప్యూటర్ కావాలంది. చూద్దాంలే అనకుండా అంకె చెప్పాను. నలభై ఐదు వేలు. దానిమీద పైసా పెరగదు, ఏం కొనాలో నువ్వే తేల్చు, నేను పక్కన కూర్చుంటానన్నాను. సంక్రాంతి సెలవుల్లో ఇద్దరం కలిసి బిగించాం. బిగించడం పూట పని. అంతకుముందు రూళ్ళ పుస్తకంలో రాసి, కొట్టేసి, తిరగరాసి నెలలు గడిచాయి. నా దృష్టిలో కంప్యూటర్ తయారైంది ఆ పుస్తకంలోనే.

ఆ డబ్బుకు తయారుగా దొరికే లాప్‌టాప్‌లు లేకపోలేదు. ప్రాజెక్టులు రాసుకోవచ్చు, సినిమా చూసుకోవచ్చు, ఆట మొదలెడితే మాత్రం ఆపసోపాలు పడతాయి. విడిభాగాలు కొని బిగించుకుంటే అదే డబ్బుకు ఎక్కువ పని జరుగుతుంది. రేపు ఒక్క భాగమే మార్చుకునే వీలూ ఉంటుంది. ఈ వీలు ఎక్కణ్నుంచి వచ్చిందో అమ్మాయికి చెప్పాను. 1981లో ఐబీఎం తన మొదటి పీసీని బజారులో దొరికే భాగాలతో కట్టి, లోపలి అమరిక వివరాలను బయటపెట్టింది. దాంతో వేరే కంపెనీలు దానికి సరిపోయే కార్డులు చేశాయి, ఆ తర్వాత ఏకంగా అలాంటి కంప్యూటర్లే చేశాయి. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ కొలతలు తెచ్చింది. మదర్‌బోర్డులో మర ఎక్కడ పడాలో, కేబుళ్ళు తగిలించే చోట్లు ఎటు ఉండాలో ఆ కొలతలే చెబుతాయి. ఒకదాని ముఖం ఒకటి చూడని కంపెనీలు చేసిన బోర్డూ, క్యాబినెట్టూ, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్సూ మా ఊరు మురమళ్ళలో, మా వసారా గదిలో సరిగ్గా అతికాయంటే ముప్పై ఏళ్ళనాటి ఆ ఒప్పందం చలవే.

మా తరానికి అసెంబుల్డ్ కంప్యూటర్ అంటే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ గుర్తొస్తుంది. అందరూ సీటీసీ అనేవారు. అమీర్‌పేటలో కోర్సులు చేసే కుర్రాళ్ళు కొటేషన్ కాయితాలు పట్టుకుని అక్కడ షాపు షాపూ తిరిగేవారు. ఒకచోట వంద తక్కువ చెబితే ఆ కాయితం ఇంకోచోట చూపించి బేరమాడేవారు. ఇప్పుడా తిరుగుడంతా ఫోన్లోనే. మా అమ్మాయి కాకినాడ, రాజమండ్రి షాపుల ధరలు ఒక గళ్ళోనూ, ఆన్‌లైన్ ధరలు ఇంకో గళ్ళోనూ వేసి వారం వారం దిద్దుకునేది.

మొదటి జాబితా లక్ష దాటింది. అద్దాల క్యాబినెట్, రంగులు మారే లైట్లు, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు, అన్నీ ఉన్నాయి. నేనేమీ అనలేదు. ఇంటి ఖాతా పుస్తకం తెచ్చి పక్కన పెట్టాను. మాకు డబ్బు కొబ్బరి దింపుకే వస్తుంది. కాయ ఎంత రాలిందీ, అంబాజీపేట మార్కెట్లో ధరెంత పలికిందీ అన్నదాన్ని బట్టే మా రెండు నెలల బతుకు. 2025లో కొబ్బరికి మంచి ధర వచ్చింది కాబట్టే ఆ నలభై ఐదు వేల మాట అనగలిగాను. దింపు కూలి, ఎరువులు, మామ్మ మందులు, స్కూలు ఫీజు, చీటీ, ఒక్కొక్కటే చదివింది. "మామ్మ మందులకి ఇంతవుతుందా నాన్నా?" అంది. ఆ పూటే లైట్లు కొట్టేసింది. నేను కొట్టేయమనలేదు.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర చాలారోజులు ఆగింది. ఆర్ఎక్స్ 6600 లాంటి మధ్యరకం కార్డు ఒక్కటే బడ్జెట్‌లో సగం దాకా మింగేస్తుంది. మిగతా సగంతో అన్నీ నాసిరకం కొనాలి. చివరికి రైజెన్ 5 5600జీ దగ్గర తేలింది. 2021లో వచ్చిన ప్రాసెసర్, ఆరు కోర్లు, 65 వాట్లు. పేరు చివర జీ ఉందంటే బొమ్మ చూపించే భాగం దాని లోపలే ఉన్నట్టు. ఇంటెల్ వాటిలో చివర ఎఫ్ ఉంటే ఆ భాగం లేనట్టు, విడిగా కార్డు కొనక తప్పదు. తక్కువ ధర చూసి ఎఫ్ కొనేసి, తెర మీద బొమ్మ రాక తల పట్టుకునేవాళ్ళు ఎందరో. 5600జీ కూర్చునే ఏఎం4 సాకెట్‌లోకి 2017లో మొదటి రైజెన్లు వచ్చాయి. పాతది కాబట్టి బోర్డులు చవక. ఇప్పటికి కార్డు లేకుండా నడిపి, తర్వాత దింపుల మీద చూసుకోవచ్చు.

అంతా కుదిరిందనుకునేసరికి ర్యామ్ ధర ఎగిరింది. రెండేళ్ళ కిందట మూడు, మూడున్నర వేలకు దొరికిన 16 జీబీ 2025 చివరికి రెట్టింపు దాటింది. ప్రపంచంలో ర్యామ్ చిప్‌లలో అత్యధికభాగం చేసేవి శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ మూడే. ఏఐ డేటా సెంటర్లు వాళ్ళ సరుకును ఎగరేసుకుపోతున్నాయి. మనలాంటివాళ్ళకు అమ్మే క్రూషియల్ బ్రాండ్‌ను మూసేస్తున్నట్టు మైక్రాన్ ఆ డిసెంబర్‌లో ప్రకటించింది కూడా. ఎక్కడో అమెరికాలో కట్టే డేటా సెంటర్‌కీ మా రూళ్ళ పుస్తకంలో గీతకీ ఉన్న లంకె ఆ పిల్లకు పాఠ్యపుస్తకంకంటే గట్టిగా తెలిసింది. ఒక్క 8 జీబీతో సరిపెడదామా అని అడిగాను. వద్దంది. విడిగా కార్డు లేనప్పుడు బొమ్మకు కావలసిన మెమరీ కూడా ర్యామ్‌లోంచే వెళ్ళాలి. ర్యామ్ కర్ర ఒకటే ఉంటే దారి ఒకటే, రెండు 8 జీబీలు ఉంటే రెండు దారులు. ఆటలో ఆ తేడా కంటికి తెలుస్తుంది. ఆ డబ్బు కోసం మానిటర్ సైజు తగ్గించుకుంది, క్యాబినెట్ మామూలు రేకుదానికి దిగింది.

క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ చూసి కొనాలని యానాం వంతెన దాటి కాకినాడ వెళ్ళాం. షాపు కుర్రాడు మర్యాదస్తుడు. "ఆయ్, ఈ క్యాబినెట్‌తో ఎస్‌ఎంపీఎస్ ఊరికే వచ్చేస్తుందండి, నాలుగొందల యాభై వాట్లండి" అన్నాడు. అమ్మాయి దాన్ని తిప్పి పక్కనున్న కాయితం చదివింది. 12 వోల్టుల వరసలో 18 ఆంపియర్లని ఉంది. ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ కరెంటు వెళ్ళేది ఆ వరసలోంచే. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. "రెండొందల పదహారేనండి అన్నయ్యా" అంది. పదో తరగతిలో చెప్పే లెక్క ముందే అక్కరకొచ్చింది. కుర్రాడు నవ్వి లోపల్నుంచి 80 ప్లస్ ముద్ర ఉన్న 550 వాట్లది తెచ్చాడు. డబ్బు తక్కువున్నప్పుడు ఎక్కడ తగ్గించుకోవాలన్నది అందరూ చెబుతారు. ఎక్కడ తగ్గకూడదో తెలిసినవాళ్ళే పనివాళ్ళు. ఎస్‌ఎంపీఎస్ పోతే తనొక్కటే పోదు, తగిలించిన వాటిని వెంటబెట్టుకుపోతుంది.

"విండోస్ మేమే వేసిచ్చేస్తామండి, డబ్బులక్కర్లేదండి" అని కూడా అన్నాడు. అది బిల్లులో వస్తుందా అని అడిగింది. రాదని తెలిశాక వద్దంది. లినక్స్ వేసుకున్నాం. అది న్యాయంగానే ఉచితం. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్ళు దాన్ని తెలుగులోకి కూడా తెచ్చారు. కొన్ని ఆన్‌లైన్ ఆటలు లినక్స్ మీద నడవవు, ఆ సంగతి ముందే తెలిసి ఒప్పుకుంది. తనకు కావలసింది మైన్‌క్రాఫ్ట్. ఆ తర్వాత పుణె కుర్రాళ్ళు చేసిన రాజీ, తమ్ముణ్ని వెతుక్కుంటూ వెళ్ళే అమ్మాయి కథ. రెండూ నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు. మా జిల్లాలో అది చిన్న విషయం కాదు. 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ ఆపేస్తే, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకు పోయారు.

బిగింపు దగ్గర చెప్పుకోవలసింది ఒక్కటే ఉంది. ప్రాసెసర్ మూలనున్న బంగారు ముక్కోణాన్ని సాకెట్ ముక్కోణంతో కలిపి వదిలితే తనే కూర్చుంటుంది, నొక్కకూడదు. ర్యామ్ అలాకాదు, టక్కుమనేదాకా గట్టిగా నొక్కాలి. బోర్డు విరుగుతుందేమోనని నా పైప్రాణం పైనే పోయింది గానీ తను జంకలేదు. అసలు తిప్పలు ఫ్యాను దగ్గర. 5600జీతో వచ్చే ఫ్యానును నాలుగు మరలతో బిగించాలి. అందుకు బోర్డు మీదున్న ప్లాస్టిక్ పట్టీలు ముందు తీసేయాలి. తీయగానే బోర్డు వెనకున్న ఇనప పలక జారి పడిపోతుంది. ఒకరు వెనక నుంచి పలకను పట్టుకుంటే, ఇంకొకరు ముందు నుంచి మర అందించాలి. అది కూడా ఒకేసారి బిగించేయకూడదు. ఈ మూల కాస్త, ఎదురు మూల కాస్త. స్క్రూడ్రైవర్ తనది, పలక నాది. "కదలకు నాన్నా" అని ఎన్నిసార్లు కసిరిందో. ఇంట్లో నేను పట్టుకుని, తను పనిచేసిన పని అంతకుముందు ఒక్కటీ లేదు.

పుస్తకంలో లేని ఖర్చు ఒకటి తర్వాత తేలింది. ఆన్ చేశాక క్యాబినెట్ మరను తాకితే వేలు జివ్వుమంది. మా ఇల్లు పాతది. ప్లగ్గులో మూడో కన్నం ఉంది కానీ దాని వెనక తీగ లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటును శుభ్రం చేసే చిన్న కెపాసిటర్లు రేకుకు కలిసి ఉంటాయి. ఎర్త్ ఉంటే అటు వచ్చింది భూమిలోకి పోతుంది, లేకపోతే రేకు మీద సగం వోల్టేజీ నిలబడుతుంది. కరెంటు బహు స్వల్పమే, అయినా పిల్లలు చేతులు పెట్టేచోట అది ఉండకూడదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెరట్లో గొయ్యి తీయించి, పైపు దించి, ఉప్పూ బొగ్గూ పోయించాం. మా నేలకు తడి పుష్కలం కాబట్టి ఎర్త్ బాగా పట్టింది. క్యాబినెట్ వెనక ఖాళీగా ఉన్న సందులన్నీ రేకులతో మూసింది అమ్మాయి. బల్లులకు వెచ్చటి చోటంటే ప్రాణం, మా ఇంట్లో వాటికి లోటు లేదు.

ఈలోగా పండగ వచ్చింది. మామూలు రోజుల్లో మురమళ్ళ పేరు వీరేశ్వరస్వామి నిత్యకల్యాణంతో వినిపిస్తుంది, సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరులతో పేపర్లకెక్కుతుంది. బరికి బయల్దేరిన పెద్దాయన ఒకరు మా వసారాలో ఆగి, "ఆడపిల్లకి ఆటల కంప్యూటరేంటండీ, ఈ గేములవల్ల కొంపలు మునుగుతున్నాయండి" అన్నారు. ఆయన మాటలో నిజముంది, అడ్రసే తప్పింది. కొంపలు ముంచింది డబ్బు కాసే ఆటలు. ఆన్‌లైన్ రమ్మీ, పేకాటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ కేంద్రం 2025 ఆగస్టులో చట్టంతో ఆపింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా కూడా చూడలేదు. ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం ఆ చట్టమే విడిగా గుర్తించింది. ఆటకూ పందేనికీ తేడా మా ఊరి పిల్లలకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు, ఏటా కళ్ళారా చూస్తారు. అయినా సాయంత్రం ఎంతసేపు ఆడాలో తనే రాసి గోడకు అంటించింది. నలభై ఐదు వేలకు కట్టుబడిన పిల్ల గంటకు కట్టుబడదా అని నా ధీమా. పరీక్షలప్పుడు చూడాలి.

ఇప్పుడు ఇంటికి ఏది వచ్చినా బిల్లు ముందు తన చేతికే వెళుతోంది. తోటలో మోటారు కాలిపోతే కొత్తదాని వారంటీ ఎన్నేళ్ళో, వైండింగ్ రాగిదో అల్యూమినియందో అడిగింది. వాళ్ళమ్మ ఫ్రిజ్ మారుద్దామంటే స్టార్ల లెక్క వేసి చూపించింది. మా ఆవిడకు ఇది కొంచెం చిరాకే. లెక్క తెలిసిన పిల్లను బుజ్జగించడం కష్టం, "చూద్దాంలే" అంటే ఎప్పుడని అడుగుతుంది.

కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు స్లాటు ఇంకా ఖాళీగానే ఉంది. మొన్న ఖాతా పుస్తకం తెరిస్తే వచ్చే దింపు పేజీలో తన దస్తూరీతో ఒక గీత కొత్తగా కనిపించింది: కార్డుకు రెండు వేలు, ప్రతి దింపుకీ. దాన్ని కూలి, ఎరువులు, మామ్మ మందుల కింద రాసింది. పైన రాస్తే కొట్టేస్తానని తెలుసు. చీటీకి మాత్రం పైనే రాసింది. దానిమీద మా బేరం ఇంకా తెగలేదు.